శాలువాలకి ముప్పావుగంట, ప్రశ్నలకి ఐదు నిమిషాలు: మా యూనివర్సిటీ ఉపన్యాసం, కచేరీ, పూర్వ విద్యార్థుల సమ్మేళనం

ముందే చెప్పేస్తున్నాను, వెళ్ళండి. బరంపురంలో ఉన్నా, పర్లాకిమిడిలో ఉన్నా, అటు ఇచ్ఛాపురం, సోంపేట, పలాసల్లో ఉన్నా సరే, చలికాలంలో మన దక్షిణ ఒడిశా యూనివర్సిటీల్లో జరిగే ఉపన్యాసాలకీ కచేరీలకీ తెలుగువాళ్ళు తప్పకుండా వెళ్ళాలి. టికెట్ లేదు, పాస్ లేదు, గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు రాసి లోపలికి వెళ్ళి కూర్చోవడమే. నేను రాస్తున్నది నేను ఎమ్మెస్సీ చదివిన యూనివర్సిటీ గురించి, మొన్న జనవరిలో అక్కడ జరిగిన వారోత్సవాల గురించి. పేరు మాత్రం రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే ఫిర్యాదులు ఒక్క చోటివి కావు, ఈ చుట్టుపక్కల నేను చూసిన చాలా కాలేజీ హాళ్ళలో ఇదే వరస, అందుకని ఒక్కరి నెత్తిన రుద్దడం న్యాయం కాదనిపించింది.

నేను వెళ్ళినవి స్మారకోపన్యాసం, సంగీత కచేరీ, ఆదివారం నాటి పూర్వ విద్యార్థుల సమ్మేళనం. మొదటి రెండింటికీ మా అత్తయ్య గారిని కూడా తీసుకెళ్ళాను. ఆవిడకి డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. కాబట్టి మెట్లు, కుర్చీలు, బాత్రూమ్‌ల సంగతి కూడా చెప్తాను.

"అవి స్టూడెంట్లకి కదా, అక్కడ మనకేం పని" అని మా వీధిలో చాలామంది అంటారు. నాకు బాధనిపించేది ఇక్కడే. ఆహ్వానపత్రిక అడుగున అందరూ రావచ్చని ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ స్పష్టంగా రాసి ఉంటుంది. పైగా ఈ చదువుల్లో మనం పరాయివాళ్ళం ఎప్పుడయ్యాం? 1936లో ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఒడిశాకి సొంత యూనివర్సిటీ 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయంతో వచ్చింది, బరంపురం విశ్వవిద్యాలయం 1967లో మొదలైంది. ఉత్కళ రాకముందు మన వైపు కాలేజీ పిల్లలు మద్రాసు యూనివర్సిటీ పరీక్షలు, ఆ తర్వాత ఆంధ్రా యూనివర్సిటీ పరీక్షలు రాసేవాళ్ళు. 1969లో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారు బరంపురంలోనే పుట్టి ఖల్లికోట కాలేజీలో చదువుకున్నవారే. ఇంత చరిత్ర ఉన్నవాళ్ళం హాలు గేటు దగ్గర నిలబడి "మనం వెళ్ళొచ్చా" అని అడుగుతున్నామంటే అందులో మన తప్పూ ఉంది, పిలిచేవాళ్ళ తప్పూ ఉంది. పిలుపు మన చెవిన పడేలా చెయ్యాల్సింది వాళ్ళు. ఆ సంగతి చివర్లో చెప్తాను.

ముందు ఉపన్యాసం. వారం మొత్తంలో అన్నింటికన్నా నాకు నచ్చింది ఇదే, అన్నింటికన్నా కోపం తెప్పించిందీ ఇదే.

విషయం గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల భాషకి, అంటే మన కొండల్లో ఉండే ఆదివాసుల భాషకి, చేసిన కృషి. గిడుగు అనగానే మనం వాడుక భాష అంటాం, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, అక్కడితో ఆపేస్తాం. వక్త అసలు తెలుగుతో మొదలుపెట్టలేదు. 1880లో పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో పాఠాలు చెప్పడానికి వచ్చిన పదిహేడేళ్ళ కుర్ర మాస్టారితో మొదలుపెట్టారు. ఆ మాస్టారు కొండల మీంచి దిగి వచ్చే సవరల మాట విని, తెలుగు వచ్చిన ఒక సవరని ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం పుస్తకాలు రాసి బడులు పెట్టారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వేసుకున్న క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. భాష ధ్వనుల మీద అంత పని చేసినవాడికి వినికిడి పోవడం అన్న మాట దగ్గర హాలంతా కాసేపు కదల్లేదు. అయినా ఆయన ఆపలేదు, 1931లో సవర వ్యాకరణ గ్రంథం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. అప్పటికి ఆయనకి డెబ్భై అయిదేళ్ళు.

వక్త బయటినుంచి వచ్చిన భాషాశాస్త్రవేత్త. ఇంగ్లీషులో మాట్లాడుతూ మధ్యలో ఒడియాలోకి దిగుతూ చాలా తేలిగ్గా చెప్పారు, భాషాశాస్త్రం ముక్క రాని నాకు కూడా ఎక్కడా బరువనిపించలేదు. తెలుగు ద్రావిడ కుటుంబం, ఒడియా ఆర్య భాషా కుటుంబం, సవర ముండా భాష, అంటే ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబం. గుణుపురం సంతలో కాసేపు నిలబడితే మూడు భాషా కుటుంబాలు ఒకేసారి చెవిన పడతాయి, ప్రపంచంలో ఇలాంటి సంతలు ఎన్నో ఉండవు అన్నారు. నేను పుట్టి పెరిగిన ప్రాంతం గురించి నాకెవరూ ఇలా చెప్పలేదు. సవరలో గొంతు దగ్గర ఠక్కున నొక్కి ఆపే ఒక ధ్వని ఉందట, ఆయన పలికి చూపించారు. దానికి తెలుగులో గానీ ఒడియాలో గానీ విడిగా అక్షరం లేదు. మరి గిడుగు వారు దాన్ని ఎలా రాసుకున్నారు, అది వదిలేస్తే మాట అర్థం ఎలా మారిపోతుంది అన్నది వివరించారు. ఇంకో సంగతి ఏంటంటే, 1936లోనే మంగెయి గొమాంగో అనే సవర ఆయన సొరంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశారు. అదే సంవత్సరం ఒడిశా ఏర్పడింది. పర్లాకిమిడిని ఒడిశాలో కలపడం ఇష్టం లేక గిడుగు వారు అన్నేళ్ళు ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయిందీ అదే సంవత్సరం. ఈ మూడూ ఒక్క ఏడాదిలో జరిగాయని నాకు విడివిడిగా ఎప్పుడో తెలుసేమో గానీ, పక్కపక్కన పెట్టి చూసింది ఆ రోజే.

ఇంత మంచి ఉపన్యాసానికి ఇచ్చిన టైము ఎంతో చూడండి. కార్డు మీద నాలుగు గంటలు. మొదలైంది నాలుగున్నరకి. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, స్వాగతం, వేదిక మీద ఉన్న ఒక్కొక్కరికీ బొకే, ఒక్కొక్కరికీ శాలువా, ఒక్కొక్కరి పరిచయం. శాలువా కప్పాక ఫొటో కోసం మళ్ళీ ఒకసారి కప్పడం. వక్తకి మైకు చేతికొచ్చేసరికి అయిదుంపావు. ఆరున్నరకి హాలు మూసెయ్యాలట, అందుకని ఆరుంపావుకే చీటీ అందించారు. ఆయన రాసుకొచ్చిన కాగితాల్లో చివరివి తిప్పకుండానే ముగించారు, నేను ముందువైపే ఉన్నాను, కనిపించింది.

ప్రశ్నలకి అయిదు నిమిషాలు అన్నారు. మొదటి ప్రశ్న ఒక పెద్దమనిషి అడిగారు, ఆయన ప్రశ్న అడగలేదు, తన అభిప్రాయం చెప్పారు. రెండోది వెనక వరసలోంచి ఒక అమ్మాయి. గజపతి జిల్లా సవర పిల్ల, అక్కడే పీజీ చదువుతోందట. లేచి నిలబడి, మైకు అందుకుని, ఒడియాలో చాలా నెమ్మదిగా అడిగింది. మా నానమ్మ మాట్లాడే సవరలో తెలుగు మాటలు బోలెడు కలిసిపోయాయి, బడి పుస్తకాల్లో మాత్రం అవన్నీ తీసేసి ఎవరూ అనని పాత మాటలు పెడుతున్నారు, మా నానమ్మది తప్పు సవరా? ఇదీ ఆ పిల్ల ప్రశ్న. అసలు ఆ సాయంత్రం మొత్తానికి అడగాల్సిన ప్రశ్న అదే. గిడుగు వారు తెలుగు కోసం జీవితమంతా కొట్లాడింది కూడా సరిగ్గా దీని మీదే కదా, జనం నోట్లో ఉన్నది రాయాలా, పండితుల పుస్తకంలో ఉన్నది రాయాలా అని. వక్త మొహం వెలిగిపోయింది, ముందుకి వంగి జవాబు మొదలుపెట్టారో లేదో, సమయాభావం వల్ల వందన సమర్పణ అని యాంకర్ చెప్పేశారు. ఆ పిల్ల చేతిలోంచి మైకు తీసుకున్నారు. వందన సమర్పణ పది నిమిషాలు చేశారు. టెంట్ వాళ్ళకి, పూల వాళ్ళకి, కరెంటు వాళ్ళకి పేరుపేరునా ధన్యవాదాలు.

ఆ వక్తకి నా నమస్కారం. మెమెంటో పట్టుకునే బయటికి వచ్చి, పోర్టికోలో ఆ అమ్మాయిని వెతికి పిలిచి, కారు ఎదురు చూస్తుండగా నిలబడి జవాబు చెప్పారు. సంతలో నేర్చుకున్న మాట కూడా ఆ భాష సొంతమే అవుతుంది, మీ నానమ్మ మాట్లాడేది రికార్డు చెయ్యి, తేదీ వేసి దాచు, తెలుగు మాట వస్తే కొట్టెయ్యకు అన్నారు. మేం ఓ పదిహేను మందిమి చుట్టూ మూగాం. మా అత్తయ్య గారు కూడా నొప్పులు పక్కన పెట్టి స్తంభానికి ఆనుకుని నిలబడి విన్నారు. ఉపన్యాసానికి అసలు ఫలితం ఆ పోర్టికోలో దొరికింది. లోపల మూడొందల మంది ఉంటే బయట విన్నది పదిహేను మంది. నా కోపం దీని మీదే.

సన్మానం చెయ్యొద్దని నేను అనడం లేదు. పెద్దవాళ్ళని గౌరవించడం మన పద్ధతి, ఆ శాలువా మీద సంబల్‌పురి అంచు చూసి నేనూ ముచ్చటపడ్డాను. వక్తకి ఒక్కరికి చెయ్యండి, చాలు. వేదిక మీద తొమ్మిది కుర్చీలు ఎందుకు? మాట్లాడేది ఒక్కరైతే, పరిచయం చేసేవాళ్ళు ఒకరు, అధ్యక్షులు ఒకరు, మూడు కుర్చీలు సరిపోతాయి. ఆ మిగిలిన అరగంట ప్రశ్నలకి ఇవ్వండి.

ఇక కచేరీ. రెండు భాగాలు పెట్టారు, ముందు ఒడిస్సీ గానం, అంటే ఒడిశా శాస్త్రీయ సంగీతం, తర్వాత కర్ణాటక గాత్రం. ఈ ఆలోచన ఎవరిదో గానీ చాలా మంచి ఆలోచన, మన సరిహద్దు జిల్లాలకి సరిగ్గా అతికినట్టుంది. ఒడిస్సీ గాయని మర్దల అనే డోలు సహకారంతో కవిసూర్య బలదేవ రథ్ చంపూలోంచి పాడారు. ఆయన మన గంజాం ప్రాంతపు కవే. ఆ చంపూలో మొత్తం 34 పాటలు, 'క' నుంచి 'క్ష' దాకా ఒక్కో పాటలో పాదాలన్నీ ఒక్కో అక్షరంతో మొదలవుతాయి. పాడే ముందు గాయనే స్వయంగా రెండు నిమిషాలు ఈ కట్టుబాటు వివరించి, అక్షరం పట్టుకుని వినమన్నారు. దాంతో ఒడియా కవిత్వం అంతగా తెలియని మాలాంటివాళ్ళకి కూడా దారి దొరికింది, ప్రతి పాదం మొదట్లో ఆ అక్షరం కోసం చెవులు రిక్కించి కూర్చున్నాం. మర్దల మోత మృదంగం కన్నా కాస్త బరువుగా, గుండ్రంగా ఉంటుంది. మా అత్తయ్య గారు విజయనగరం సంగీత కళాశాలలో నేర్చుకున్నావిడ, మొదట్లో తాళం పట్టలేక ఇబ్బంది పడ్డారు, రెండో పాటకి వేళ్ళు కదపడం మొదలుపెట్టారు, మూడో పాటకి "ఈవిడ గమకం మన గమకానికి దగ్గరి చుట్టమే" అన్నారు. నలభై ఏళ్ళుగా బరంపురంలో ఉంటున్న మనిషి, ఒడిస్సీ గానం ఎదురుగా కూర్చుని వినడం ఇదే మొదలు. ఆ ఒక్క మాటకి ఈ కచేరీ పెట్టినవాళ్ళకి నేను రుణపడి ఉంటాను.

కర్ణాటక భాగంలో కళ్యాణి ప్రధానంగా తీసుకున్నారు. ఆలాపన చాలా బాగుంది, తొందర లేదు, పై షడ్జం మీద నిలబడినప్పుడు స్టూడెంట్లు కూడా ఫోన్లు కింద పెట్టారు. కీర్తన అయ్యాక తని ఆవర్తనం మొదలైంది, మృదంగం ఒక వరస, ఘటం ఒక వరస వాయించుకుని, ఇద్దరూ దగ్గరికి వస్తున్న సమయం. సంగీతం వినేవాళ్ళకి తెలుసు, ఆ పక్క వాయిద్యాల వాళ్ళకి కచేరీ మొత్తంలో సొంతంగా ఉండేది ఆ కాసేపే. అప్పుడే వేదిక పక్కన శాలువాల పళ్ళేలతో నలుగురు వచ్చి నిలబడ్డారు. ముఖ్య అతిథికి ట్రైన్ టైమ్ అయిందట. మృదంగం ఆయన అటు చూశారు, గాయకుడి వైపు చూశారు, ముగింపుకి దారితీసే మోహరా కుదించి ముక్తాయింపు వేసేసి ఆపారు. చప్పట్లు కొట్టాం, మనసు ఒప్పలేదు. సన్మానం అయ్యాక మళ్ళీ ఒక చిన్న పాట, మంగళం. ఘటం వాయించిన కుర్రాడి పేరు మైకులో చెప్పనే లేదు, నేను దగ్గరికి వెళ్ళి బాగా వాయించావు బాబూ అని చెప్పి వచ్చాను.

ఇక్కడ ఇంకో మాట. ఒడియా పాటకి వివరణ ఉంది గానీ, తెలుగు కీర్తనకి ఎవరూ ఒక్క ముక్క వివరించలేదు. తెలుగువాళ్ళకి అక్కర్లేదు, కానీ హాల్లో సగానికి పైగా ఒడియా వాళ్ళు ఉన్నారు, నా పక్కన కూర్చున్న అమ్మాయి "ఆంటీ, ఏమంటున్నారు?" అని అడిగింది. నేను చెవిలో చెప్తూ వచ్చాను. చంపూకి ఇచ్చినట్టే దీనికీ రెండు నిమిషాలు ఇస్తే ఎంత బాగుండేది.

సౌండ్ సంగతి. హాలు పెద్దది, రేకుల కప్పు, కుడివైపు స్పీకర్ ముందు కూర్చుంటే మృదంగం తప్ప ఏమీ వినపడదు. ఎడమవైపు మధ్య వరసల్లో కూర్చోండి, గొంతు స్పష్టంగా ఉంది. మొదటి రెండు వరసలు రిజర్వ్, సోఫాలు వేసి చివరిదాకా సగం ఖాళీగా ఉంచుతారు, పెద్దవాళ్ళని కూడా కూర్చోనివ్వరు. వాలంటీర్ పిల్లలు మాత్రం బంగారం, ఒక అబ్బాయి మా అత్తయ్య గారిని చూసి "మౌసీ, ఇటు రండి" అని పక్క తలుపు తీసి మెట్లు లేని దారిలో తీసుకెళ్ళాడు. ఆ దారి ఉన్నట్టు బోర్డు లేదు, అడగాలి. ఆడవాళ్ళ బాత్రూమ్ హాలు వెనక ఉంది, శుభ్రంగానే ఉంది, కానీ చీకటి పడ్డాక దారిలో లైటు వెలగలేదు. మంచినీళ్ళు పెట్టారు. టీ కొట్టు బయట ఉంది, టీ పర్వాలేదు, ఘుగుని బాగుంది.

పూర్వ విద్యార్థుల సమ్మేళనం దగ్గరికొస్తే, రిజిస్ట్రేషన్ అయిదొందలు. గుడ్డ సంచి, బ్యాడ్జి, నోట్‌బుక్, మధ్యాహ్నం భోజనం. ఆ డబ్బుకి భోజనం ఒక్కటే గిట్టుబాటు. అన్నం, దాల్మా, టొమాటో ఖట్టా, పులిహోర, బంగాళదుంప వేపుడు, బరంపురం అప్పడం, ఛెనాపోడ. పులిహోరలో ఇంగువ సరిగ్గా పడింది, చేసినవాళ్ళు మనవాళ్ళే అని ఒక్క ముద్దతో తెలిసిపోయింది. బంతి కూర్చోబెట్టి ఆకులు వేసి వడ్డించారు, బఫే పెట్టలేదు, అందుకే ఏళ్ళ తరబడి చూసుకోని మనుషులు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకునే వీలు దొరికింది.

కానీ ఆ వీలు దొరికింది ఒంటిగంటన్నర తర్వాతే. పొద్దున్న పదిన్నర నుంచీ అప్పటిదాకా వేదికే. సంఘం నివేదిక చదివారు, జమాఖర్చులు చదివారు (బీద పిల్లలకి స్కాలర్‌షిప్ ఇస్తున్నారు, ఆ లెక్క కాగితం మీద అందరికీ పంచారు, అది మెచ్చుకోవాలి), తర్వాత మళ్ళీ పెద్దల ప్రసంగాలు, మళ్ళీ శాలువాలు. ఇచ్ఛాపురం నుంచీ, పలాస నుంచీ, విశాఖ నుంచీ పొద్దున్నే బయల్దేరి వచ్చినవాళ్ళు ఉన్నారు. అయిదింటికల్లా తిరుగు బండి ఎక్కాలి. వాళ్ళు వచ్చింది స్నేహితుల్ని చూసుకోవడానికి, మాస్టార్లని చూడ్డానికి. కుర్చీల్లో మూడు గంటలు ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.

భోజనాలయ్యాక డిపార్ట్‌మెంట్లు చూడటానికి గంట ఇచ్చారు. ఆ గంట కోసమైనా మళ్ళీ వెళ్తాను. ఆదివారమైనా మా కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్ తాళాలు పట్టుకుని వచ్చి తలుపులు తీశారు, రిటైర్ కావడానికి ఇంకో ఏడాది ఉందట, నన్ను బ్యాచ్‌తో సహా గుర్తుపట్టారు. మేం సాల్ట్ అనాలిసిస్ చేసిన రోజుల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ కోసం కిప్స్ ఆపరేటస్ ఉండేది, కుళ్ళిన కోడిగుడ్ల కంపు చీరలకి పట్టేసి ఇంటిదాకా వచ్చేది. ఇప్పుడు ఆ మూల ఫ్యూమ్ హుడ్ పెట్టారు, గాలి లాగే ఫ్యాన్ పనిచేస్తోంది కూడా. బ్యాలెన్స్ గదిలో తూకపు రాళ్ళ పెట్టెలు పోయి డిజిటల్ త్రాసులు వచ్చాయి, కింద రాతి బల్ల మాత్రం అదే.

అక్కడే ఒక మంచి సంగతి జరిగింది. మా జూనియర్లు ఇద్దరు పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో పనిచేస్తున్నారు, ఒకరు క్వాలిటీ కంట్రోల్, ఒకరు ప్రొడక్షన్. ఇప్పుడు చదువుతున్న పిల్లలు వాళ్ళ చుట్టూ చేరారు. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏ పదార్థం ఎంత ఉందో తేల్చే యంత్రం) మేం ఇక్కడ ఒక్కసారే ముట్టుకున్నాం, ఇబ్బంది అవుతుందా, ఆడపిల్లలకి నైట్ షిఫ్ట్ ఉంటుందా, హాస్టల్ దొరుకుతుందా, తెలుగు రాకపోతే నెట్టుకురాగలమా. ఒక్కో ప్రశ్నకీ వాళ్ళు ఓపిగ్గా, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. మెషీన్ నడపడం నెలలో నేర్పుతారు, నువ్వు రాసే లాగ్‌బుక్‌లో కొట్టివేతలు లేకుండా రాయడం నేర్చుకో, ఉద్యోగం నిలబడేది దాంతోనే అని ఒకతను చెప్పాడు. ఆ మాట పిల్లలు నోట్‌బుక్‌లో రాసుకున్నారు. వేదిక మీద మూడు గంటల్లో యువతకి సందేశం చాలామంది ఇచ్చారు గానీ, పిల్లలు రాసుకోవడం నేను చూసింది ఇక్కడే. అదీ నిలబడి, బల్లల మధ్య, ఇరవై నిమిషాలు. ఇంతలో గ్రూప్ ఫొటోకి రమ్మని మైకులో పిలుపు.

నిర్వాహకులు ఇది చదివితే గట్టిగా చెప్పాలనుకున్నది ఒకటే. వచ్చినవాళ్ళకి మాట్లాడే టైము ఇవ్వండి. ఉపన్యాసమైతే ప్రశ్నలకి కనీసం అరగంట, అది కార్డు మీదే అచ్చువెయ్యండి, అప్పుడు ఎవరూ మింగెయ్యలేరు. కచేరీలో సన్మానం మొదట్లోనో మంగళం అయ్యాకో పెట్టండి, తని మధ్యలోకి మాత్రం రాకండి. సమ్మేళనంలో వేదిక గంటలో ముగించి, పొద్దున్నే డిపార్ట్‌మెంట్లు తెరవండి, ఇప్పటి పిల్లల్ని పాతవాళ్ళతో కూర్చోబెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు, పైగా శాలువాల డబ్బు మిగులుతుంది, స్కాలర్‌షిప్‌లో వెయ్యండి.

రెండోది, కార్డు తెలుగులో కూడా వెయ్యండి. కనీసం ఒక పోస్టర్. బరంపురంలో తెలుగు కుటుంబాలు ఉన్న వీధులు, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం బస్టాండు, ఇంతే. నాకీ సంగతి తెలిసింది కూడా పాత క్లాస్‌మేట్ వాట్సాప్‌లో పంపబట్టే. గిడుగు వారి మీద ఉపన్యాసం జరుగుతుంటే పర్లాకిమిడి తెలుగువాళ్ళు నాకు హాల్లో ఇద్దరే కనిపించారు, అది చాలా పెద్ద నష్టం. సవర పిల్లలు చదివే హాస్టళ్ళకి కూడా కబురు వెళ్ళాలి, ఆ సాయంత్రం ఎక్కువ పని ఉన్నది వాళ్ళతోనే.

వెళ్ళేవాళ్ళకి నా సలహాలు. ఉపన్యాసానికి కార్డు మీద టైముకి అరగంట తర్వాత వెళ్ళినా ఏమీ పోదు, కానీ ప్రశ్న రాసుకుని వెళ్ళండి, మధ్య దారి పక్క కుర్చీ పట్టుకోండి, మైకు తొందరగా అందుతుంది. లోపల అడగనివ్వకపోతే పోర్టికోలో అడగండి, వక్తలు చాలామంది సంతోషంగా చెప్తారు. కచేరీకి మాత్రం ముందే వెళ్ళి ఎడమవైపు కూర్చోండి. చలి ఉంటుంది, హాలు తలుపులు తెరిచే ఉంచుతారు, పెద్దవాళ్ళకి శాలువా తీసుకెళ్ళండి. సమ్మేళనానికి దూరం నుంచి వచ్చేవాళ్ళు పన్నెండు దాటాక వచ్చినా రిజిస్ట్రేషన్ తీసుకుంటారు, భోజనం, ల్యాబ్, స్నేహితులు అన్నీ ఆ తర్వాతే. రాత్రి ఎనిమిది దాటితే క్యాంపస్ దగ్గర ఆటో దొరకడం కష్టం, తెచ్చిన ఆటోనే ఆపుకోండి, లేదా బరంపురం వైపు వెళ్ళే కారువాళ్ళని హాల్లోనే అడగండి, మేం అలా ఒక ఒడియా మాస్టారి కార్లో వచ్చాం, దారంతా ఆయన కళ్యాణి గురించే మాట్లాడారు.